కంప్రెషను గేజి ఏమి చెప్పును?

పాత కారు గల గృహస్థునికి విజయవాడలో ఎప్పుడో ఒకనాడు తప్పక వినవచ్చు మాట ఒకటి కలదు. వంతెన ఎక్కునపుడు బండి లాగుట లేదనియో, ఉదయము స్టార్టు అగుట కష్టముగా ఉన్నదనియో చెప్పుకొనగా, షెడ్డులోని మేస్త్రీ బానెట్టు ఎత్తి ఒక్క నిమిషము చెవి యొగ్గి విని, "కంప్రెషను పోయిందండి, ఇంజను దించాల్సిందే" అని తేల్చివేయును. ఆ ఒక్క మాట వెనుక బోరు, కొత్త పిస్టనులు, రింగులు, వాల్వుల పని, వారముల కొలది నిరీక్షణ, వేల కొలది రూపాయలు ఉన్నవి. ఆ తీర్పు నిజమే కావచ్చును, కాకపోవచ్చును కూడ. దానిని తేల్చుటకు ఇంజను దించనక్కరలేదు. అరగంట కాలము, ఒక చిన్న గేజి, ఒక చెంచా నూనె చాలును. అయితే గేజి చూపిన అంకెను చదువుట వేరు, దాని అర్థమును గ్రహించుట వేరు. ఆ రెండవదానిని గూర్చియే ఈ ప్రసంగము.

మన ప్రాంతములో పాత కారు అనగా చాలవరకు ఆంబాసిడరే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి బండిని ఆధారముగా గైకొని, హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో 1950ల చివర దీనిని తయారుచేయ మొదలిడి, 2014 మే నెలలో నిలిపివేసిరి. డెల్టా గ్రామములలో ఈ బండి చేసిన చాకిరి ఇంతంత కాదు. ఐదుగురు కూర్చుండవలసిన చోట తొమ్మండుగురను ఎక్కించుకొని, పెండ్లివారిని గుడివాడ నుండి మచిలీపట్నమునకు, రోగులను అవనిగడ్డ నుండి విజయవాడకు, ఎన్నికల సమయమున మైకు కట్టుకొని కాలువ గట్ల వెంబడి, ఎన్ని దశాబ్దములు తిరిగినదో! దాని తరువాత చెప్పవలసినది ఫియట్ 1100, పిదప పద్మిని. తాతగారి బండియని అమ్ముకొనక వీనిని నేటికిని ఇంటి ముందర నిలుపుకొన్న కుటుంబములు అక్కడక్కడ ఉన్నవి. విజయవాడ ఆటోనగరులో ఆ బండ్ల పని ఎరిగిన పెద్ద మేస్త్రీలును ఉన్నారు. అయితే ఈ ఇంజనులతోనే చేయి తిరిగినవారు ఏటేట తగ్గిపోవుచున్నందున, యజమాని తానే కొంత తెలిసికొని ఉండుట నేడు అవసరమైనది.

కంప్రెషను అనగా కుదింపు. పిస్టను పైకి వచ్చునపుడు, వాల్వులు రెండును మూసికొని ఉండగా, సిలిండరులోని గాలి పెట్రోలు మిశ్రమము చిన్న చోటిలోనికి కుదించబడును. ఎంత గట్టిగా కుదించబడినచో నిప్పురవ్వ తగిలినపుడు అంత బలముగా విజృంభించును. సైకిలు పంపు కొన రంధ్రమును బొటనవ్రేలితో మూసి నొక్కిన బాలునికి ఇది తెలియును. పొలమునకు నీరు తోడు ఆయిలు ఇంజనును హేండిలుతో త్రిప్పిన రైతునకు ఇంకను బాగుగా తెలియును. డీకంప్రెషను మీట ఎత్తి ఉంచినంతసేపు చక్రము సులువుగా తిరుగును. మీట విడిచిన మరుక్షణము హేండిలు ఎదురుతన్నును. ఆ ఎదురుతన్నే కంప్రెషను. ఆంబాసిడరు ఇంజనును క్రాంకు హేండిలుతో నెమ్మదిగా త్రిప్పినచో అట్టి ఎదురుతన్నులు నాలుగు వరుసగా చేతికి తగులును. వానిలో ఒకటి మెత్తగా ఉన్నచో అనుభవజ్ఞుని చేయి వెంటనే పట్టుకొనును. గేజి చేయునది అదే పని. చేతికి తెలిసినదానిని అంకెగా చూపును.

ఆ అంకె ఎంత ఉండవలెను? ఇక్కడ చాలమంది ఒక తప్పు లెక్క వేయుదురు. ఆంబాసిడరు 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనులో, తక్కువ కంప్రెషను రకమునకు కుదింపు నిష్పత్తి 7.2. బయటి గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 14.7 పౌండ్లు. రెంటిని గుణించిన 106. గేజి బయటి గాలిని సున్నగా లెక్కించును గనుక అందులోనుండి 14.7 తీసివేయగా 91. కావున 91 వచ్చినచో ఇంజను నిండు ఆరోగ్యముతో ఉన్నదని అనుకొందురు. ఇది సరికాదు. కుదించిన గాలి వేడెక్కును. సైకిలు పంపు గొట్టము చేతికి కాలుట అందరము ఎరిగినదే. వేడెక్కిన గాలి మరింత బలముగా త్రోయును. ఆ వేడి ఏమాత్రము గోడలలోనికి పోనిచో అంకె 200 దాటవలెను. వేడి అంతయు పోయినచో 91 వద్ద ఆగవలెను. నిజమైన ఇంజను ఈ రెంటి నడుమ నిలుచును. పైగా లోపలికి గాలి వచ్చు వాల్వు పిస్టను పైకి మరలిన తరువాత గాని మూతపడదు గనుక కొంత కుదింపు వృథాయగును. ఇవన్నియు కలిసి, మంచి స్థితిలో ఉన్న అట్టి ఇంజను స్టార్టరుతో త్రిప్పినపుడు సాధారణముగా 120 పైన, 140 లోపల చూపును. 8కి పైబడిన నిష్పత్తి గల ఇంజనులలో అంకె ఇంకను పెరుగును. కిలోగ్రాముల గేజి అయినచో 14.2 పౌండ్లకు ఒక కిలోగ్రాము చొప్పున మార్చుకొనవలెను. 130 పౌండ్లు అనగా చదరపు సెంటీమీటరుకు 9 కిలోగ్రాములకు కొంచెము పైన.

పరీక్ష చేయు విధానములో నాలుగు జాగ్రత్తలున్నవి. వానిని పాటింపక వచ్చిన అంకెలను పారవేయుటయే మేలు. ఇంజను వేడిగా ఉండవలెను, ఏలన పిస్టను రింగులు వేడి మీదనే సరిగా అమరును. నాలుగు ప్లగ్గులును ఊడదీయవలెను. ఒక్కటే తీసి చూచినచో తక్కిన మూడు సిలిండర్లు ఎదురుతన్ని ఇంజను నెమ్మదిగా తిరుగును, అంకె పడిపోవును. యాక్సిలరేటరును పూర్తిగా నొక్కి, చోకు తెరచి ఉంచవలెను. కార్బురేటరు గొంతు మూసి ఉన్నచో సిలిండరులోనికి గాలియే రాదు, ఇక కుదించునదేమి? బ్యాటరీ నిండుగా ఉండవలెను, నాలుగింటికిని ఒకే లెక్క, అనగా ఆరేసి కుదింపుల చొప్పున త్రిప్పవలెను. కాయిలు నడిమి తీగ ఊడదీయుటను మరువరాదు. కారు వీధిలో పోవునపుడు మీ రేడియోలో టకటకమను చప్పుడు వచ్చుటకు కారణమైన నిప్పురవ్వ అదే. ప్లగ్గు రంధ్రముల నుండి పెట్రోలు ఆవిరి ఎగజిమ్ముచున్నపుడు అది అచ్చట ఉండరాదు. చుట్ట, బీడీ కాల్చువారిని కూడ ఆ దరికి రానీయరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

రేడియేటరు వైపు నుండి మొదలిడి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుసగా అంకెలను కాగితముపై వ్రాయవలెను. నోటి లెక్క పనికిరాదు.

ఇప్పుడు ఉదాహరణకు 132, 128, 130, 126 అని వచ్చినవనుకొందము. ఇందులో గొప్ప 132, తక్కువ 126. ఆరు పౌండ్ల తేడాను పట్టించుకొననక్కరలేదు. ఈ బండి వంతెన ఎక్కకున్నచో దోషము కార్బురేటరులోనో, ఇగ్నిషనులోనో, క్లచ్చిలోనో, పట్టుకొని విడువని బ్రేకులోనో వెదకవలెను గాని, కంప్రెషను పేరు ఎత్తరాదు. సామాన్యముగా వాడుకలో ఉన్న నియమమేమనగా, అన్నిటికంటె తక్కువ అంకె అన్నిటికంటె ఎక్కువ అంకెలో మూడు పాళ్లకు, అనగా నూటికి 75కు తగ్గరాదు. 132కు ఇది 99. నా మట్టుకు నాకు ఇది కొంచెము ఉదారమైన నియమమనియే తోచును. నూటికి 10, 15 తేడా దాటినపుడే ఆ సిలిండరుపై కన్ను వేసి ఉంచుట మంచిది.

రెండవ ఉదాహరణము: 95, 92, 96, 93. ఇవి చూచి బెదరిపోవువారు ఎక్కువ. కాని నాలుగు సిలిండర్లు ఒకేనాడు, ఒకే పాటిగా చెడుట అరుదు. మొదట అనుమానింపవలసినది పరీక్షనే. బ్యాటరీ నీరసముగా ఉన్నదా, యాక్సిలరేటరు నొక్కినవారు మధ్యలో కాలు తీసిరా, గేజియే తక్కువ చూపుచున్నదా? వేరొక గేజితో, వేరొక బ్యాటరీతో మరల చూడవలెను. అప్పుడును అవే అంకెలు వచ్చినచో రెండు మార్గములున్నవి. టైమింగు గొలుసు సాగియో, జారియో వాల్వుల వేళ తప్పి ఉండవచ్చును; లేదా ఇంజను నిజముగానే అంతట సమానముగా అరిగి ఉండవచ్చును. సమానముగా అరిగిన ఇంజను ముసలిది గాని రోగి కాదు. నూనె మితముగానే త్రాగుచు, పొగ విడువక, నెమ్మదిగా వారమునకొకసారి ఊరు తిరిగివచ్చు బండికి అట్టి ఇంజను ఇంకను చాలకాలము పనిచేయును.

అసలు వివేచన కావలసినది మూడవ ఉదాహరణమున: 130, 128, 85, 126. మూడవ సిలిండరు చెడినది. సందేహము లేదు. కాని ఏది చెడినది? గాలి తప్పించుకొనుటకు మూడే దారులున్నవి: పిస్టను పక్కనుండి క్రిందికి, వాల్వుల అంచుల నుండి బయటికి, హెడ్డు గ్యాస్కెట్టు గుండ పక్క సిలిండరులోనికో నీటిలోనికో. మొదటిదైనచో ఇంజను విప్పవలెను. రెండవదైనచో హెడ్డు దించిన చాలును, ఒక్కొక్కప్పుడు అదియు అక్కరలేదు. మూడవదైనచో కొత్త గ్యాస్కెట్టు వేసి, హెడ్డు సమతలముగా ఉన్నదో లేదో చూచుకొనవలెను. ఖర్చులో ఈ మూడింటికిని హస్తిమశకాంతరము కలదు. గేజి చూపిన 85 మాత్రము మూడింటికిని ఒకటే.

ఇక్కడ చెంచా నూనె అక్కరకు వచ్చును. ప్లగ్గు రంధ్రము గుండ కొద్దిగా ఇంజను నూనె పోసి, ఒకటి రెండు చుట్లు త్రిప్పి, మరల గేజి పెట్టవలెను. నూనె పిస్టను చుట్టును చేరి అరిగిన రింగుల సందును తాత్కాలికముగా మూయును. అంకె 85 నుండి 118కి ఎగసినచో దోషము రింగులలోనో, సిలిండరు గోడలోనో ఉన్నది. నూనె వాల్వులను గాని గ్యాస్కెట్టును గాని మూయజాలదు. కావున అంకె కదలకున్నచో దోషము పైభాగమునదే.

ఈ నూనె పరీక్షను అందరును ఎరుగుదురు. అందులోని మోసమును ఎరిగినవారు తక్కువ. లెక్క చూడుడు. ఇంజను మొత్తము 1489 ఘన సెంటీమీటర్లు గనుక ఒక్కొక్క సిలిండరు వంతు 372. నిష్పత్తి 7.2 కావున పిస్టను పైకి చేరినపుడు మిగులు చోటు 60 ఘన సెంటీమీటర్లు మాత్రమే. ఒక చిన్న చెంచా నూనె 5 ఘన సెంటీమీటర్లు. అది ఆ చోటులో కొంత ఆక్రమించి 55 మిగుల్చును. నూనె కుదించబడదు గదా! అంతట నిష్పత్తి దానంతట అదే 7.2 నుండి ఇంచుమించు 7.8కి పెరుగును, గేజి అంకె నూటికి ఎనిమిది పది వంతులు పెరుగును. అనగా 85 చూపినది 93 చూపినచో రింగులకు దానితో నిమిత్తమే లేదు. అది చెంచా చేసిన పని. ఇక కొందరు చేయునట్లు డబ్బానుండి ధారాళముగా మూడు చెంచాలు పోసినచో నిష్పత్తి 9 దాటును, అంకె మూడవవంతు పెరుగును, చెడిన వాల్వు గల ఇంజను కూడ "రింగులు పోయినవి" అని సాక్ష్యము పలుకును. ఈ సాక్ష్యముపై ఎన్ని ఇంజనులు అనవసరముగా బోరుకు పోయినవో! కావున నూనెను కొలిచి పోయవలెను, ఒక్క చెంచాకు మించరాదు, అంకెలో మొదటి పది వంతుల పెరుగుదలను లెక్కలోనికి తీసికొనరాదు. బాగున్న సిలిండరులో కూడ అంతే నూనె పోసి పోల్చుట ఇంకను మంచిది.

గేజి ముల్లు చివరకు ఎక్కడ నిలిచినదన్న దానితోపాటు ఎట్లు ఎక్కినదన్నది కూడ చూడవలెను. మొదటి కుదింపుననే సగముకు మించి ఎక్కి, మూడు నాలుగింటితో పూర్తియైనచో సిలిండరు ఆరోగ్యముగా ఉన్నది. మొదట తక్కువగా లేచి, ప్రతి కుదింపునకు కొంచెము కొంచెముగా పేరుకొనుచు పోయినచో రింగులను అనుమానింపవలెను. మొదట తక్కువగా లేచి ఎన్ని చుట్లు త్రిప్పినను అక్కడనే ఉన్నచో వాల్వును అనుమానింపవలెను.

వాల్వులను గూర్చి మన కాలమునకు సంబంధించిన విషయమొకటి చెప్పవలసియున్నది. పూర్వము పెట్రోలులో సీసము కలిపెడివారు. ఆ సీసము బయటి వాల్వు కూర్చుండు పీఠముపై పలుచని పొరగా ఏర్పడి దానిని కాపాడెడిది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. ప్రజల ఆరోగ్యమునకు, ముఖ్యముగా పిల్లలకు, ఇది ఎంతో మేలు. కాని గట్టి లోహపు పీఠములు అమర్చని పాత హెడ్డులలో, ఎక్కువ వేగముతో దూరములు పోవు బండ్లకు, పీఠము క్రమముగా అరిగి వాల్వు హెడ్డులోనికి కొంచెము కొంచెముగా దిగబడును. దానితో టాపెట్టు సందు తగ్గిపోయి, తుదకు వాల్వు పూర్తిగా మూతపడుటయే మానును. గేజి అంకె పడిపోవును. నూనె పోసినను కదలదు. వింతయేమనగా అప్పుడు ఇంజను మునుపటికంటె నిశ్శబ్దముగా నడచును. టాపెట్లు కొంచెము టకటకలాడుచున్నంతకాలము భయము లేదు. ఒక్కటి మూగపోయినచో దానిని చూడవలెను. కనుక వాల్వు దోషమని తేలగానే హెడ్డు దించక, మొదట టాపెట్టు సందులను ఇంజనువారి పుస్తకములో చెప్పిన కొలతకు సరిచేసి, మరల గేజి పెట్టవలెను. కొన్ని తావుల అంతటితోనే అంకె మామూలు స్థితికి వచ్చును. అట్లు రానిచో హెడ్డు దించి వాల్వులు గ్రైండు చేయించుట, పీఠము బాగుగా అరిగినచో గట్టి పీఠములు దిగగొట్టించుట.

ఇక 128, 70, 72, 130 వంటి వరుస. పక్క పక్కనున్న రెండు సిలిండర్లు ఒకే రీతిగా పడిపోయినచో వాని నడుమ గ్యాస్కెట్టు కాలినదని ఇంచుమించు రూఢిగా చెప్పవచ్చును. ఆంబాసిడరులో ఇది రెండు, మూడు సిలిండర్ల నడుమ సంభవించుటకు కారణము ఆ హెడ్డు నిర్మాణములోనే కలదు. ఒకటవ దానికి, నాలుగవ దానికి పొగదారులు వేరువేరు. రెండు, మూడింటికి మాత్రము నడుమ ఒక్కటే దారి. రెండింటి వేడియు ఆ నడిమి చోటనే చేరును. రేడియేటరులో నీరు తగ్గిన బండిని వేసవిలో నందిగామ దాక ఆపకుండ నడిపినచో మొదట దెబ్బతినునది అచ్చటనే.

అంకె తక్కువైనపుడే గాక ఎక్కువైనపుడును ఆలోచింపవలెను. 125 చూపవలసిన ఇంజను 160 చూపినచో సంతోషింప పనిలేదు. హెడ్డులో మసి గడ్డకట్టి చోటు తగ్గినదని అర్థము.

డెల్టా వాసులకు ప్రత్యేకముగా వర్తించునది మరొకటి కలదు. మన పాత బండ్లలో చాల భాగము తిరుగుట తక్కువ, నిలుచుట ఎక్కువ. వానకాలమంతయు వరిచేల నడుమ రేకుల పాకలో నిలిచిన బండిలో, ఇంజను ఏ స్థితిలో ఆగినను ఏదో ఒక సిలిండరులో వాల్వు తెరచియే ఉండును. ఆ దారిని తేమ లోపలికి చేరి పీఠముపై తుప్పు పట్టించును. రింగులు పాత నూనె జిగురుకు గాడిలో అంటుకొనును. సంక్రాంతికి బయటికి తీసి, ఆనాడే గేజి పెట్టినచో 60, 70 చూపి ఆశ్చర్యము లేదు. అది తుది తీర్పు కాదు. నూనె మార్చి, రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, మరల చూడవలెను. అంటుకొన్న రింగులు విడివడి, తుప్పు రాలి, అంకె తనంతట తానే లేచిన బండ్లు కలవు.

అంకెలను ఒక ఊరివానితో మరొక ఊరివి పోల్చునపుడు ఎత్తును గమనింపవలెను. విజయవాడ సముద్రమట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తుననే ఉన్నది. హైదరాబాదు ఐదు వందల మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నందున అక్కడి గాలి ఒత్తిడి నూటికి ఆరు వంతులు తక్కువ. ఇక్కడ 130 చూపిన ఇంజనే అక్కడ 122 చూపును. దారిలో చెడినదేమియు లేదు. మన వేసవి వేడికి మాత్రము గేజిపై చెప్పుకొనదగిన ప్రభావము లేదు.

గేజికి తెలియనివి కూడ ఉన్నవి. నూనె గీయు క్రింది రింగు అరిగినను, వాల్వు గొట్టములు వదులైనను, అంకె బాగుగనే ఉండి బండి నీలిపొగ విడుచును. బేరింగుల చప్పుడును గూర్చి గేజి ఏమియు చెప్పదు. డీజిలు ఆంబాసిడరుకు ఈ పెట్రోలు గేజిని పెట్టనే కూడదు; అక్కడి ఒత్తిడి దీనికి మూడు రెట్లకు మించి ఉండును.

ఇంత జాగ్రత్త ఎందుకన్నచో, బోరు చేయుట తిరిగి సవరింపదగిన పని కాదు. ఆంబాసిడరు సిలిండరు వ్యాసము 73 మిల్లీమీటర్లు. ఒక్కొక్క బోరునకు అంగుళములో పది వేలవంతు, ఇరువది వేలవంతు చొప్పున గోడను తొలచి, అంతకు పెద్ద పిస్టను వేయుదురు. అట్టి మెట్లు నాలుగైదుకు మించి లేవు; ఆపైన గోడలో స్లీవు దిగగొట్టవలసినదే. పైగా ఈ ఇంజనుకు కావలసిన మంచి పిస్టనులు దొరకుట నానాటికి కష్టమగుచున్నది. విసిగి, ఆ ఇంజనునే తీసివేసి మరొక బండి ఇంజను అమర్చుకొన్నచో మరొక చిక్కు కలదు. 50 సంవత్సరములు దాటిన బండ్లను వింటేజి వాహనములుగా నమోదు చేయుటకు కేంద్ర ప్రభుత్వము 2021 జూలైలో నియమములు చేసినది. చాసిస్, బాడీ, ఇంజను విషయమున పెద్ద మార్పులు లేక మొదటి రూపముననే ఉన్న బండ్లకే ఆ నమోదు వర్తించును.

చివరకు, గేజి ఫలానా సిలిండరు అని చూపిన పిదప, ఏ దారిని గాలి పోవుచున్నదో వినుటకు ఒక ఉపాయము కలదు. ఆ సిలిండరు పిస్టనును కుదింపు చివర పైకి తెచ్చి, గేరు వేసి చక్రము కదలకుండ చేసి, ప్లగ్గు రంధ్రము గుండ కంప్రెసరు గాలిని పంపవలెను. కార్బురేటరు వద్ద బుసబుస వినబడినచో లోపలి వాల్వు, సైలెన్సరు గొట్టము వద్ద వినబడినచో బయటి వాల్వు, నూనె పోయు మూత వద్ద వినబడినచో రింగులు, రేడియేటరు నీటిలో బుడగలు లేచినచో గ్యాస్కెట్టు. ఏ షెడ్డులోనైనను టైర్లకు గాలికొట్టు కంప్రెసరు ఉండును. గొట్టము చివర అమర్చుటకు పాత ప్లగ్గును తొలిచి మేస్త్రీయే ఒక ముక్క చేసియీయగలడు. ఆ నిమిషమున పక్కనున్న బండ్ల ఇంజనులను కొంచెము ఆపించుడు.